కోర్టు ఇచ్చిన మోటరు

వెంకటరాముడి బోరు మోటరును ఎత్తుకుపోయిందెవరో గంగులోళ్ళపల్లిలో అందరికీ తెలుసు. పోలీసులకు తెలుసు. ఎత్తుకుపోయినవాడు తనే ఒప్పుకున్నాడు, స్టేషన్లో ఒకసారి, టీ అంగడి దగ్గర పదిసార్లు. తెలియనిదల్లా ఒక్క కోర్టుకే. ఆ కోర్టుకు నచ్చజెప్పే భారం మాత్రం పోగొట్టుకున్నవాడి నెత్తిన పడింది. మన న్యాయం తీరే అంత. దెబ్బ తిన్నవాడే ఆ దెబ్బ ఎక్కడ తగిలిందో, ఎంత లోతుకు దిగిందో కొలిచి చూపించాలి.

నల్లమాడకు పోయే దారిలో వెంకటరాముడికి రెండెకరాల చీనీ తోట ఉంది, కొన్నిచోట్ల బత్తాయి అంటారు. మూడు బోర్లు వేయించి మూడింట్లోనూ తెల్లదుమ్ము చూశాక, నాలుగోదాంట్లో ఆరు వందల ఇరవై అడుగుల కింద రెండించుల నీళ్ళు పడ్డాయి. ఆ రెండించుల మీద రెండు వందల నలభై చెట్లు. ఎనిమిదేళ్ళుగా అతనూ, భార్య ఆదిలక్ష్మీ కలిసి ఒక పెళ్ళికి పోయింది లేదు. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి ఒకరు పోతే ఒకరు తోట దగ్గరే ఉండాలి.

కార్తీకంలో ఒక పొద్దున అతను పోయి స్టార్టరు నొక్కితే చప్పుడు లేదు. బోరు దగ్గరికి పోయి చూస్తే ముప్పై ఒక్క ఇనుప పైపులూ చెట్ల మధ్య వరసగా పరిచి ఉన్నాయి. కేబులు చుట్ట చుట్టి పక్కన పెట్టారు. మోటరు మాత్రం లేదు. ఆదిలక్ష్మి వచ్చి ఆ ఖాళీ బోరు పక్కన కూలబడి, మధ్యాహ్నం దాకా లేవలేదు. ఇంట్లో పీనుగ లేచినప్పుడు కూడా ఆమె అంతసేపు అట్లా కూర్చోలేదు.

పైపులు అంత పద్ధతిగా పేర్చి ఉండటం చూసే ఊళ్ళో వాళ్ళకు పేరు తెలిసిపోయింది. చుట్టుపక్కల ఎనిమిది ఊళ్ళకు బోర్లలో మోటర్లు దింపేవాడు లింగన్న. పాత జీపు వెనక మూడుకాళ్ళ ఇనుప స్టాండు, దానికి గొలుసు కప్పీ బిగించుకుని తిరుగుతుంటాడు. వెంకటరాముడి మోటరు దింపిందీ వాడే. రెండేళ్ళుగా వానల్లేక, కొత్త బోర్లు వేసేవాళ్ళు లేక, దింపే పని నిలిచిపోయింది. దింపే పని లేనప్పుడు ఎత్తే పని పెట్టుకున్నాడు. పది రోజుల్లో పోలీసులు వాడి షెడ్డులో నాలుగు మోటర్లు పట్టుకున్నారు, జీపును కూడా తీసుకుపోయారు.

దొరికింది కదా అని వెంకటరాముడు స్టేషనుకు పరిగెత్తాడు. వెనక పెరట్లో, పట్టుబడిన మోటరుసైకిళ్ళ మధ్య అతని మోటరు పండుకొని ఉంది. బిల్లు చూపించాడు, బిల్లులో నంబరు, మోటరు మీద నంబరు ఒకటే. "నీదేనని మాకూ తెలుసప్పా. మేమియ్యకూడదు. కోర్టియ్యాల" అన్నారు. అక్కడి నుంచి తోటకు పన్నెండు కిలోమీటర్లు. మోటరు ఇక్కడ, నీళ్ళు అక్కడ, మధ్యలో నాలుగు నెలలు. టౌన్లో ప్రసూన అనే లాయరమ్మను పెట్టుకుని పిటిషన్ వేయించి, దొరికినన్నాళ్ళు ట్యాంకరు నీళ్ళు తోలి, కోర్టు మోటరు తిరిగి ఇవ్వమని చెప్పే రోజుకు నూటా పది చెట్లు కట్టెలయ్యాయి. నూటా ముప్పై మిగిలాయి.

లింగన్న జీపు మాత్రం నెలకే వాడి చేతికొచ్చింది. వాడి లాయరు పెద్ద లాయరు.

కోర్టు కూడా ఉత్తినే ఇవ్వలేదు. కేసు తేలేదాకా మోటరును అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, రూపు మార్చకూడదు, పిలిచిన రోజు తెచ్చి చూపించాలి. అట్లా చేస్తాడని ఒకరు పూచీ పడాలి. ఆదిలక్ష్మి తమ్ముడు తిమ్మప్ప తన మూడెకరాల పాసుబుక్కు తెచ్చి కోర్టులో పెట్టాడు. సొంత వస్తువును అప్పు తెచ్చుకున్నట్టు తెచ్చుకున్నాడు వెంకటరాముడు.

తెచ్చుకున్నాక దింపేదెవరు? ఇక్కడ ఒక పద్ధతుంది. ఒకడు దింపిన బోరును ఇంకొకడు ముట్టడు. లోపల రాయి ఎక్కడ జరిగిందో, బోరు ఎక్కడ వంకర తిరిగిందో దింపినవాడికే తెలుస్తుంది. తెలియనివాడు చెయ్యి పెట్టి పైపు జారిందంటే ఆ నింద జీవితాంతం మోయాలి. టౌను నుంచి ఇద్దరొచ్చి, పేరు అడిగి, "ఇది లింగన్న బోరన్నా, మాకొద్దు" అని టీ తాగి పోయారు. చేసేదేం లేక, బెయిలు మీద వచ్చిన లింగన్నతోనే దింపించుకున్నాడు. దొంగ చేతికే తాళాలిచ్చినట్టుందని ఊరంతా నవ్వింది. వెంకటరాముడికి నవ్వు రాలేదు, నీళ్ళొచ్చాయి, అది చాలనుకున్నాడు.

మిగిలిన చెట్లు తేరుకుని, పిందె నిలబడి, కాయ నిమ్మకాయంత అయిన వేళ, నడి మేలో ఒక గురువారం కానిస్టేబులు ప్రతాప్ కాగితం పట్టుకొచ్చాడు.

"సోమారం పదిన్నరకి కోర్టులో ఉండాల. సొత్తుతో సహా" అన్నాడు.

"సొత్తు బోరులో ఉండాది సార్."

"కాయితంలో బోరని లేదప్పా. తెచ్చి చూపించమని ఉండాది. చూపిచ్చి అట్నే ఎత్తుకొచ్చుకో, నీదేంపోయె."

ప్రసూనకు ఫోన్ చేస్తే ఆమె విసుక్కోకుండానే చెప్పింది. పోలీసులు తీసిన ఫోటోల్లో మోటరు నంబరు కనపడటం లేదని అవతలి లాయరు అభ్యంతరం పెట్టాడట. మోటరునే తెచ్చి చూపించమని అడిగాడట. జీపుకు మాత్రం ఫోటో సరిపోయింది, దాని నంబరు అరచేతంత అక్షరాల్లో ఉంది మరి. "తీసుకొచ్చేయండి. ఆ రోజే తిరిగిమ్మని నేను అడుగుతా. ఇస్తారనే అనుకుంటున్నా" అంది. ఆ 'అనుకుంటున్నా' అన్న మాటను వెంకటరాముడు పట్టుకున్నాడు. కానీ లాయరమ్మను ఇంకా ఏం అడగాలో అతనికి తెలియదు.

లింగన్న ఇంటికి పోయేసరికి వాడు జీపు కింద దూరి గ్రీజు పూస్తున్నాడు. బయటికి రాకుండానే అంతా విన్నాడు.

"నేను తీయనన్నా" అన్నాడు.

"యాలప్పా? కూలి ఇస్తాలే."

లింగన్న బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. "కూలి మాట కాదు. పైకి తీసినావంటే అది మళ్ళ నీ చేతికి రాదు. కోర్టులో చూపిచ్చిన వస్తువుకు చీటీ కడతారు. చీటీ కట్టినాక కేసు అయ్యేదాకా ఆడ్నే ఉంటాది. మా చిన్నాయన ట్రాలీ అట్లే ఆడ్నే తుప్పు పట్టిపాయ. మా లాయరు ఎత్తు ఇది. నువ్వు తీయలేవు, తేలేవు, కేసు కొట్టుకపోతాదని ఆయప్ప లెక్క. నేను వద్దనే అంటిని."

"మరి నన్నేం చేయమంటావు?"

"బోరులో ఇరుక్కపోయిందని చెప్పు. తీసి చూసినా, రాలేదని నేనూ చెప్తా."

దొంగసాక్షుల గురించి వెంకటరాముడు చాలా విన్నాడు గానీ, దొంగే వచ్చి తన తరపున సాక్ష్యం చెబుతాననడం ఇదే మొదలు. మోటరు కోర్టుకు రాకపోతే లాభం ఎవరికి? లింగన్నకు. లాభమున్నవాడు చెప్పే మాట నిజమైనా అబద్ధంలాగే వినిపిస్తుంది. అతను వెనుదిరిగి వచ్చేశాడు.

ఇంటి దగ్గర తిమ్మప్ప ఎదురుచూస్తున్నాడు. సంగతి విని మండిపడ్డాడు. "వాని మాటినేకి సిగ్గులేదా బావా? నా పాసుబుక్కు ఆడుండాది. సోమారం మోటరు పోకుంటే నా మూడెకరాలకు నోటీసొస్తాది. అక్క మొగం చూసి సంతకం పెట్టినా, నీ చీనీకాయల మొగం చూసి కాదు."

ఆదిలక్ష్మికి అటు తమ్ముడు, ఇటు తోట. చెంబెడు నీళ్ళు తెచ్చి తిమ్మప్ప ముందు పెట్టి లోపలికి పోయింది.

ఆ మూడు రోజులూ వెంకటరాముడికి అన్నం సహించలేదు. తీస్తే తోట పోతుందేమో, తీయకపోతే బావమరిది భూమి పోతుంది. తీయాలన్నా తీసేది ఆ లింగన్నే. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు, అతని నుయ్యి ఆరు వందల ఇరవై అడుగులు. కొత్త మోటరు కొనే తాహతు ట్యాంకర్లకే పోయింది. ఆ ట్యాంకరు వాళ్ళ బోర్లు కూడా ఈ ఎండకు నురగ కక్కుతున్నాయి. చివరికి ఆదివారం తెల్లారగానే మళ్ళీ లింగన్న ముందు నిలబడ్డాడు.

"తీయి. రాదనే అబద్ధం నేను చెప్పలేను" అన్నాడు.

లింగన్న ఇద్దరు కూలీలను పిలిచి జీపు తీశాడు.

గొలుసు లాగుతుంటే పైపులు ఒక్కొక్కటే పైకొచ్చాయి. ఒకటి రావడం, దాన్ని బిగించి పట్టుకోవడం, మర తిప్పి విప్పడం, పక్కన పరచడం. వెంకటరాముడు బోరు మూతి దగ్గర నుంచి కదల్లేదు. పదకొండో పైపు దగ్గర లింగన్న చెయ్యెత్తి కూలీలను ఆపాడు. నాలుగు వందల అడుగుల దగ్గర బోరు వంకర తిరిగింది, మోటరు ఇప్పుడు దాని కిందికొచ్చింది. ఇక్కడ గొలుసు ఒక్క జాన జారవిడిస్తే చాలు. మోటరు పోతుంది, బోరు పూడుతుంది, కేసు పోతుంది. లింగన్న ఇంట్లో పండుకోవచ్చు. ఎవరూ వాణ్ణి అడగలేరు కూడా, జారిందంటాడు.

"నీకు నా మీద నమ్మకం లేదు కదన్నా" అన్నాడు లింగన్న, గొలుసు మీద నుంచి చూపు తిప్పకుండా.

"లేదు" అన్నాడు వెంకటరాముడు.

లింగన్న తల ఊపాడు. కూలీలను పక్కకు జరగమని, పైపును తనే రెండు చేతులా పట్టుకుని, చెవి ఆనించి, చంటిబిడ్డ పక్క మార్చినట్టు మెల్లగా తిప్పాడు. లోపల ఎక్కడో ఇనుము రాయిని రాసుకున్న చప్పుడు వచ్చి ఆగిపోయింది. "లాగండి" అన్నాడు. వెంకటరాముడు ఆ గొలుసు మీద నుంచి కళ్ళు తిప్పుకోవడానికి ఇంకో మూడు పైపులు పట్టింది. మధ్యాహ్నానికి మోటరు చెట్టు నీడలో ఉంది, తనను జైలుకు పంపే సాక్ష్యాన్ని గీత పడకుండా పైకి తీసిన లింగన్న దాని పక్కనే కూర్చుని సద్దన్నం తిన్నాడు. పనిలో మాట పడటం వాడికి జైలు కంటే ఎక్కువ కష్టమేమో, ఎవరికి తెలుసు.

మర్నాడు ఆ జీపులోనే కోర్టుకు పోయారు. అంత బరువును ఎక్కించి దించే సాధనం మరొకటి లేదు. ముద్దాయి తోలుతున్నాడు, ఫిర్యాదీ పక్కన కూర్చున్నాడు, దొంగసొత్తు వెనకాల ఉంది. గేటు దగ్గర ప్రతాప్ ముగ్గురినీ మార్చి మార్చి చూసి, గేటు తీశాడు.

పన్నెండు గంటలకు పిలిచారు. నంబరు చదివారు, బిల్లు చూశారు. "ఇది మీదేనా?" అని మేజిస్ట్రేటు అంటే "నాదేనమ్మా" అన్నాడు వెంకటరాముడు. గుమాస్తా ఒక చీటీ రాసి, మోటరు మెడకు దారంతో కట్టి, లక్క అంటించాడు. ప్రసూన లేచి తిరిగిప్పించమని అడిగింది. అవతలి లాయరు లేచాడు. రూపు మార్చకూడదని కోర్టు చెబితే ఈ మనిషి తీసుకుపోయి ఆరు వందల అడుగుల బోరులో వేశాడు, ఇక సాక్షులందరి విచారణ అయ్యేదాకా కోర్టులోనే ఉంచాలి అన్నాడు. బోరు మోటరును బోరులో కాక పూజగదిలో పెట్టుకుంటారా అని అడిగే వీలు అక్కడ ఎవరికీ లేదు. ప్రసూన అడిగింది, మర్యాద మాటల్లో. ఆ మర్యాదలో అసలు సంగతి సగం నలిగిపోయింది.

"అమ్మా, చెట్లుండాయి" అన్నాడు వెంకటరాముడు, ఎవరూ అడగకుండానే.

మేజిస్ట్రేటు చిన్న వయసు ఆడమనిషి, చెడ్డది కాదు. కలం ఆపి విన్నది. "అర్థమైందండీ. కొత్త పిటిషన్ వేయండి. అవతలి వాళ్ళు జవాబు వేయాలి కదా. దగ్గర తేదీ ఇస్తున్నా" అని, నిజంగానే దగ్గర తేదీ ఇచ్చింది. ఇరవై రెండు రోజులు. కోర్టు లెక్కలో అది రెప్పపాటు. నడి మేలో నీళ్ళు లేని చీనీ చెట్టుకు ఐదో రోజున ఆకు ముడుస్తుంది, పదో రోజుకు కాయ రాలుతుంది, ఇరవయ్యో రోజుకు గొడ్డలి కావాలి. బంట్రోతూ ప్రతాపూ మోటరును దొర్లించుకుంటూ చివరి గదిలోకి తీసుకుపోయి తలుపేశారు. తాళం పడిన చప్పుడు వెంకటరాముడు నిలబడి విన్నాడు. పూచీ చెల్లింది, తిమ్మప్ప భూమికి ఇక భయం లేదు. అందరిదీ నెగ్గింది, ఒక్క తోటది తప్ప.

ఆ జీపులోనే తిరుగు దారి పట్టారు.

"అంతా నీవల్లనే" అన్నాడు వెంకటరాముడు.

"అవును" అన్నాడు లింగన్న.

ఊరికి రెండు మైళ్ళ ముందు వాడు జీపును బండ్లబాటలోకి తిప్పాడు. వాడి చేను. చేను మధ్యలో వేరుశనగ కట్టె వామి ఉంది. లింగన్న దిగిపోయి ఒక పక్క కట్టె లాగాడు. అడుగున గోనెసంచులు చుట్టిన మోటరు ఒకటి ఉంది. పన్నెండున్నర హార్సుపవరు, వెంకటరాముడి దాని లాంటిదే. నంబరున్న చోట ఆకురాయితో గీకేసి ఉంది.

"పోలీసోళ్ళకు దొరకంది ఇదొక్కటే" అన్నాడు లింగన్న. "పైపులు నీ తోటలోనే పరిచిండాయి. పొద్దుగూకేలోపల దింపేస్తా. కూలి వద్దు."

వెంకటరాముడు దిగలేదు. "ఎవురిది?" అని అడగబోయాడు. లింగన్న అతని మొహం చూసి ముందే అందుకున్నాడు.

"అడిగితే చెప్తా. పేరు తెలుసు, ఊరు తెలుసు. అడుగుతావాన్నా?"

ఎండ ఇంకా తగ్గలేదు. ఎక్కడో ఇంకొకడు వాడి స్టార్టరు నొక్కి, చప్పుడు రాక, పరిగెత్తిపోయి చూసి ఉంటాడు. వాడికీ చెట్లుంటాయి. నూటా ముప్పై కంటే ఎక్కువే మిగిలుంటాయో, ఒక్కటీ మిగలలేదో. వాడూ ఏదో స్టేషన్ పెరట్లో వెతుక్కుంటూ ఉంటాడు. ఇదంతా వెంకటరాముడికి ఒకరు చెప్పనక్కర లేదు, అతని కంటే బాగా తెలిసినవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఇంకొకటి కూడా తెలుసు. ఈ మోటరు తన బోరులో దిగిన గంట నుంచి, రేపు బోనెక్కి లింగన్న మీద వేలు చూపించే యోగ్యత తనకుండదు. ఇద్దరిదీ ఒకే బోను. పేరు అడిగితే దింపలేడు. అడగకపోతే దింపగలడు. అంతే తేడా.

ఐదో రోజున ఆకు ముడుస్తుంది.

వెంకటరాముడు జీపు దిగాడు. గోనెసంచి ఒక కొస పట్టుకున్నాడు. "పద" అన్నాడు.

ఆ వారం కరెంటు వంతు సాయంత్రం. కూలీలను పిలవకుండా ఇద్దరే ముప్పై ఒకటో పైపు దాకా బిగించి, స్టార్టరు నొక్కితే రెండు నిమిషాలు గాలి, తర్వాత ఎర్రనీళ్ళు, తర్వాత తెల్లనీళ్ళు వచ్చాయి. లింగన్న గొలుసు చుట్టుకుని పోయాడు. ఎనుముల పాలు పిండి, వాటిని కట్టేసి ఆదిలక్ష్మి గబగబా తోటకు వచ్చేసరికి నీళ్ళు మూడో సాలుకు చేరుతున్నాయి. ఆమె వంగి దోసిట్లో పట్టుకుని మొహం కడుక్కుంది.

"ఇచ్చినారా కోర్టోల్లు?" అంది, మొహం తుడుచుకుంటూ, నవ్వుతూ.

"ఇచ్చినారు" అన్నాడు వెంకటరాముడు. ఆమె మొహం చూడలేక పార తీసుకుని చివరి సాలు వైపు పోయాడు.